మా అమ్మాయికి రానిది ఇంగ్లీషా, మెయిల్ రాయడమా?

ధర్మవరం నుంచి ఒక తండ్రి రాశారు. ఆయన పట్టుచీరల కొట్లో లెక్కలు చూస్తారు. కూతురు బీకాం చేసి, నాలుగు నెలల కిందట బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఆఫీసులో అకౌంట్స్ ట్రైనీగా చేరింది. మొదటి రివ్యూలో మేనేజర్ ‘కమ్యూనికేషన్ బాగుపడాలి’ అని రాశాడట. ప్రొబేషన్ ఇంకా రెండు నెలలే ఉంది. మారతహళ్లిలో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సుకి పాతిక వేలు అడుగుతున్నారు, అప్పు చేసైనా కట్టమంటారా అని ఆయన ప్రశ్న. అమ్మాయి రాసిన ఆఫీసు మెయిల్ ఒకటి ఫోటో కూడా పంపారు.

అయ్యా, కట్టకండి. కనీసం ఇప్పుడు వద్దు. ఆ మెయిల్ రెండుసార్లు చదివాను, పిల్ల ఇంగ్లీషులో పెద్ద తప్పుల్లేవు. అసలు ఇబ్బంది ఏమిటో చెప్తాను, కానీ దానికి ముందు ఒక మాట. ఆ ఫోటో మీరు నాకు పంపకూడదు, పిల్ల మీకు పంపకూడదు. అందులో వెండర్ పేర్లున్నాయి, బిల్లుల మొత్తాలున్నాయి. నేను చెరిపేశాను. అన్నయ్య దిద్దుతాడని తను మెయిళ్లు సొంత జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకుంటోందని కూడా రాశారు. అది ఈ రోజే ఆపించండి. మెయిల్ సరిగ్గా రాయలేదని ఎవరూ ఉద్యోగం తీసేయరు, ఆఫీసు సమాచారం బయటికి పంపిందని తెలిస్తే మాత్రం తీసేస్తారు. దిద్దించుకోవాలంటే పక్క సీట్లో సీనియర్ ఉంటారు కదా, వాళ్లనే అడగమనండి.

ఇక్కడి నుంచి అమ్మాయికి చదివించండి, తనతోనే మాట్లాడతాను.

అమ్మా, నీ మెయిల్‌కి సబ్జెక్ట్ ‘రిగార్డింగ్ రిపోర్ట్’. లోపల ‘రెస్పెక్టెడ్ సర్’, తర్వాత నువ్వు ఏ పని ఎలా మొదలుపెట్టావో, ఏ బిల్లు ఎందుకు ఆలస్యమైందో, ఎవరికి ఫోన్ చేశావో ఆరు లైన్లు, ఏడో లైన్లో మూడు బిల్లులకి అప్రూవల్ కావాలని, చివర్లో ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’. ఇప్పుడు మీ మేనేజర్‌ని ఊహించుకో. పొద్దున్న తొమ్మిదింటికి సిల్క్ బోర్డ్ దగ్గర క్యాబ్‌లో ఇరుక్కుని ఫోన్‌లో మెయిళ్లు చూస్తున్నాడు. ఆ స్క్రీన్ మీద ఒక్కో మెయిల్‌కి కనిపించేది పంపినవాళ్ల పేరు, సబ్జెక్ట్, మొదటి లైను ముక్క. అంతే. నీ మెయిల్లో ఆ మూడూ చూస్తే ఏమీ తెలియదు, వేలితో పైకి తోసేసి తర్వాతి దానికి వెళ్లిపోతాడు, సాయంత్రం నువ్వు మళ్లీ గుర్తుచేస్తే ‘ముందే చెప్పాలి కదా’ అంటాడు. నువ్వు చెప్పావు, ఆయనకి చేరలేదు. రివ్యూలో కమ్యూనికేషన్ అని రాసింది దీని గురించే అని నా నమ్మకం.

అదే మెయిల్‌ని తలకిందులు చెయ్యి. సబ్జెక్ట్‌లో ‘అప్రూవల్ కావాలి: మూడు వెండర్ బిల్లులు, గురువారంలోపు’ అని పెట్టు. మొదటి లైన్లో ‘ఈ మూడు బిల్లులకి గురువారం సాయంత్రంలోపు మీ అప్రూవల్ కావాలి, లేకపోతే పేమెంట్ వచ్చే వారానికి పోతుంది’ అను. తర్వాత చిన్న టేబుల్. కథ అంతా దాని కింద, చదవాలనుకున్నవాళ్లు చదువుతారు. నీడ్‌ఫుల్ అంటే ఏం చెయ్యాలో అవతలివాళ్లు ఊహించుకోవాలి, కాబట్టి ఆ మాట తీసేసి చెయ్యాల్సిన పనే రాయి. మీ నాన్న కొట్లో పద్దు రాసేటప్పుడు పేరు, తేదీ, మొత్తం ముందు రాసి వివరం పక్కన రాస్తారు చూడు, అదే వరస.

అక్షరాల సంగతి. ఆ ఫోటోలో మూడు రకాల ఫాంట్లు కనిపించాయి, ఒక పేరా బూడిదరంగులో ఉంది. ఎక్కడెక్కడి నుంచో కాపీ చేసి అతికించావని చూడగానే తెలిసిపోతుంది. మీ ఆఫీసు మెయిల్ యాప్ ఔట్‌లుక్‌లో అతికించేటప్పుడు రైట్ క్లిక్ చేస్తే పేస్ట్ ఆప్షన్లు వస్తాయి, అందులో ‘కీప్ టెక్స్ట్ ఓన్లీ’ నొక్కు, వట్టి అక్షరాలే వస్తాయి. బోల్డ్ తేదీకి, అడిగే పనికి మాత్రమే వాడు, ఎర్రరంగు అసలొద్దు, కోప్పడుతున్నట్టు ఉంటుంది. ఎక్సెల్ నుంచి పన్నెండు కాలమ్‌ల టేబుల్ దించేశావు, ఫోన్‌లో అది సగం కనపడదు. వెండర్, మొత్తం, గడువు అని మూడు కాలమ్‌లు మెయిల్లో పెట్టి మిగతాది ఫైల్‌గా జత చెయ్యి. సంతకం కింద కొటేషన్లు తీసేయి, పేరు, టీమ్, ఫోన్ నంబర్ చాలు.

ఇన్‌బాక్స్‌లో చదవనివి పద్దెనిమిది వందలున్నాయని, అవి చూస్తేనే టెన్షన్ వస్తోందని నాన్నతో అన్నావట. వాటన్నిటికీ జవాబివ్వాలని కూర్చోకు, చాలా భాగం సిస్టమ్ నుంచి తమంతట తాము వచ్చే అలర్ట్‌లు, నీకూ తెలియాలని ఊరికే సీసీలో (కాపీ వెళ్లేవాళ్ల గడిలో) పెట్టినవి అయ్యుంటాయి. ఔట్‌లుక్‌లో రూల్స్ అని ఉంటాయి, ఫలానా అడ్రస్ నుంచి వచ్చే అలర్ట్ ఫలానా ఫోల్డర్‌లోకి వెళ్లాలని ఒకసారి చెప్తే అదే సర్దుతుంది. నువ్వు సీసీలో మాత్రమే ఉన్నవాటికి కూడా ఒక ఫోల్డర్ పెట్టు, కానీ రోజుకి రెండుసార్లు దాన్ని తప్పకుండా తెరువు, ఎందుకంటే నీకు పని చెప్పాల్సిన మెయిల్లో కూడా నిన్ను సీసీలో పడేసేవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. కండిషనల్ ఫార్మాటింగ్ అనేది ఇంకొకటి, నీకొక్కదానికే వచ్చిన మెయిళ్లు వేరే రంగులో కనిపించేలా పెట్టుకోవచ్చు. ఇది నాకు చాలా ఇష్టం. పొద్దున్న తెరవగానే ఎక్కడ మొదలుపెట్టాలో కన్ను చెప్పేస్తుంది.

జవాబు వెంటనే ఇవ్వలేని మెయిల్‌కి ఫ్లాగ్ పెట్టి, ‘చూశాను, రేపు మధ్యాహ్నంలోపు పంపిస్తాను’ అని ఒక్క లైను రాసేయి. ఫ్లాగులు నీ బాకీ ఖాతా అనుకో, సాయంత్రం లేచేముందు ఆ జాబితా చూడు. నలభై ఫోల్డర్లు పెట్టే పని మాత్రం పెట్టుకోకు, ఎందులో వేశావో మర్చిపోతావు, సెర్చ్‌లో పంపినవాళ్ల పేరు కొట్టి అటాచ్‌మెంట్ ఉన్నవి అని ఎంచుకుంటే పాతది దొరుకుతుంది.

తొందరపడి పంపేసి గుండె గుభేల్‌మనడం అందరికీ అయ్యేదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒకరి జీతం వివరాలున్న మెయిల్‌ని రిప్లై ఆల్ కొట్టి అందరికీ పంపేశాను, ఆ రోజంతా అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి టూ గడిలో అడ్రస్ అన్నిటికంటే చివర్లో రాస్తాను, అటాచ్‌మెంట్ ముందే పెట్టేస్తాను. పంపింది వెనక్కి లాక్కునే రీకాల్ ఉంది కదా అనుకోకు, అది మీ సంస్థ లోపలి మెయిళ్లకే, క్లయింట్‌కో వెండర్‌కో బయటికి వెళ్లింది వెనక్కి రాదు. పాత ఔట్‌లుక్ అయితే రూల్స్‌లో ప్రతి మెయిల్ ఒకటి రెండు నిమిషాలు ఆగి వెళ్లేలా పెట్టుకో, కానీ ఆ రెండు నిమిషాలూ ఔట్‌లుక్ తెరిచే ఉండాలి, క్యాబ్ వచ్చిందని ల్యాప్‌టాప్ మూసేస్తే మెయిల్ అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది. కొత్త ఔట్‌లుక్‌లో పంపు నొక్కాక ఆపేసే అన్‌డూ సెండ్ ఉంది, ఆ గడువు సెట్టింగ్స్‌లో పది సెకన్ల దాకా పెంచుకోవచ్చు.

ఇవన్నీ ఒక్కరోజులో చెయ్యక్కర్లేదు. మొదటి వారం సబ్జెక్టూ మొదటి లైనూ మార్చు చాలు, రూల్స్ తర్వాత. రెండు వారాలయ్యాక మేనేజర్‌ని పది నిమిషాలు అడిగి, నీ పాత మెయిల్ ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన పెట్టి ‘సర్, మీరు రివ్యూలో రాసింది దీని గురించేనా, ఇంకేమైనా మార్చుకోవాలా’ అని అడుగు. ఆయన ‘నేనన్నది మీటింగుల్లో మాట్లాడటం గురించి’ అంటే, అప్పుడు నాన్నని నాకు మళ్లీ రాయమను, ఆ పాతిక వేల సంగతి అప్పుడు చూద్దాం.