మైక్రోస్కోప్ కొన్న వారానికే పిల్లలు ఎందుకు పక్కన పడేస్తారు?

పుట్టినరోజుకి మైక్రోస్కోప్ కొనిస్తే బాబు వారం రోజులు చూసి మూలన పెట్టేశాడని, మళ్లీ ఆసక్తి కలగాలంటే ఏం చేయాలని అడిగారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది. తప్పు పిల్లలది కాదండీ, డబ్బాతో పాటు వచ్చే ఆ రెడీమేడ్ స్లైడ్‌లది. ఎవరో కోసి, రంగేసి, అతికించిన ఈగ కాలు ఒకసారి చూస్తే అయిపోయింది, రెండోసారి చూడ్డానికి అందులో ఏముంది?

మా పాపకి అప్పుడు తొమ్మిదేళ్లు. కూలర్ కడుగుదామని తొట్టి బయటికి లాగితే నీళ్లలో దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. నేను పారబోయబోతుంటే "అమ్మా, ఆగు ఆగు" అని మందు డ్రాపర్‌తో ఒకదాన్ని పట్టుకుని, మిగతావి పారబోయనిచ్చింది. పైన గాజుబిళ్ల పెడితే నలిగిపోతుందని పెట్టకుండా, చిన్న చుక్కలోనే ఉంచి, అన్నిటికన్నా తక్కువ లెన్స్‌తో, అంటే 40 రెట్లతో చూశాం. ఒళ్లంతా అద్దంలా ఉంది, లోపల పేగు కదులుతోంది, రెండు నల్లటి గొట్టాలు రైలు పట్టాల్లా తోక దాకా వెళ్తున్నాయి. ఇవేంటమ్మా అంటే నాకూ తెలీదు. ఇద్దరం వెతికితే అవి గాలి గొట్టాలని, అది తోక చివర నీటిపైకి పెట్టి ఊపిరి తీసుకుంటుందని తెలిసింది. కాసేపు ఊరుకుని "అయితే కాలవల్లో ఆయిల్ బాల్స్ వేసేది దానికి ఊపిరాడకుండానా?" అంది, మున్సిపాలిటీ వాళ్లు దోమలకని వేసే, నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు ఉండల గురించి. నాకు ఒళ్లు జలదరించింది. ఆ వారమంతా డ్రాపర్ పట్టుకుని తులసికోట పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీద కొబ్బరి చిప్పలు, ఏదీ వదల్లేదు.

ఇంకో మాట. అట్ట మీద 1200 రెట్లు అని వేసి అమ్మేవాళ్ల మీద నాకు చాలా కోపం. ఆ ప్లాస్టిక్ లెన్స్‌తో అంత పెంచితే మసక తప్ప ఏమీ కనిపించదు, పిల్లలు తమకే చూడ్డం రాదనుకుంటారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాశ్ బృందం చేసిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోప్ 140 రెట్లే చూపిస్తుంది, అది చాలు. అలాగే చూసిన ప్రతిదానికీ బొమ్మ గీసి భాగాలు గుర్తించమని వెంటపడకండి, అది స్కూల్లో ఎలాగూ ఉంటుంది. పాడవుతుందని బీరువా పైన దాచకండి, చెయ్యి అందే టేబుల్ మీద ఉండనివ్వండి.

ఈ రోజే మీ బాబుతో గుప్పెడు ఎండుగడ్డి గ్లాసు నీళ్లలో వేయించండి. నాలుగైదు రోజులకి పైన పల్చటి తెట్టు కడుతుంది, దాని కింద నుంచి ఒక చుక్క తీసి చూడమనండి. కొంచెం కంపు కొడుతుంది, చేతులు కడిగిస్తే సరి, పారబోయమని మాత్రం అనకండి.