పాతాళగంగ ఊరి బావికి చేరుతుందా?

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లలతో బెలుం గుహలకు వెళ్లాం. అట్టడుగున పాతాళగంగ దగ్గర సన్నటి ధార రాతి సందులోకి పోయి మాయమవుతోంది. ఆ నీళ్లు రెండు కిలోమీటర్ల అవతల బెలుం ఊళ్లో ఉన్న బావికి చేరతాయని గైడు చెప్పాడు. మనిషి దూరలేని చోట నీళ్లు ఎటు పోతున్నాయో ఎలా తెలుస్తుంది సార్? దానికి మ్యాపు వేయగలరా?
– ఓ ఉపాధ్యాయిని, బనగానపల్లె

జవాబు: అమ్మా, గైడు చెప్పింది ఆ చుట్టుపక్కల చాలాకాలంగా అనుకుంటున్న మాటే. నేను భూగర్భజల శాఖలో పనిచేసినన్నాళ్లూ ఒక పట్టుదల పెట్టుకున్నాను. సున్నపురాతి నేలలో నీళ్లు ఫలానా చోటికి పోతున్నాయని ఎవరైనా అంటే, ఇక్కడ కలిపిన రంగు అక్కడ కనబడిందా అని అడిగేవాణ్ని. కనబడేదాకా నా లెక్కలో అది అనుమానమే.

ఎందుకంటే మిగతా నేలల లెక్క అక్కడ సాగదు. అనంతపురం వైపు గ్రానైట్ నేలల్లో నాలుగు ఊళ్ల బావుల్లో నీటిమట్టం కొలిచి గీతలు గీస్తే, నీరు ఎటు కదులుతోందో ఓ మాదిరిగా తెలిసిపోతుంది. అదే బెలుం దగ్గరి కొలిమిగుండ్ల చుట్టూ ఉన్న నాపరాయి నేలలో (నాపరాయి కూడా సున్నపురాయే) ఒక బోరులో పుష్కలంగా నీళ్లుంటాయి, పక్క చేనులో ఎంత లోతు దించినా దుమ్మే లేస్తుంది. వాననీరు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. రాతి పగుళ్లలో సున్నాన్ని కరిగించుకుంటూ పోతుంది. లక్షల ఏళ్లకు ఆ పగుళ్లే సొరంగాలవుతాయి. ఇక నీరంతా వాటి వెంటే పరుగు తీస్తుంది, పక్కనున్న రాయి పొడిగానే ఉండిపోతుంది. ఇలాంటి నేలను కార్స్ట్ అంటారు. పైన నేల ఒక వైపుకు వాలి ఉంటే అడుగున నీరు ఇంకో వైపు పోవచ్చు. పాతాళగంగ వాయవ్యం వైపు పారుతోందంటారు. కంటికి కనబడే ఆ నాలుగు అడుగులను బట్టి తర్వాతి రెండు కిలోమీటర్లను ఊహించకూడదు.

రంగు పరీక్షకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ జర్మనీలోది. అక్కడ ఇమ్మెండింగెన్ అనే ఊరి దగ్గర డాన్యూబ్ నది నీళ్లు గట్టు పక్కనున్న సున్నపురాతి కంతల్లోకి ఇంకిపోతాయి. ఏడాదిలో చాలా రోజులు కింద నది ఒట్టి గులకరాళ్లే. అక్కడికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఆహ్ అనే చిన్న నదికి పుట్టిల్లయిన పెద్ద నీటి బుగ్గ (ఊట) ఉంది. ఈ నీళ్లే అక్కడ తేలుతున్నాయా అన్నది రెండు వైపులా మిల్లులు నడుపుకునేవాళ్లకు బతుకు సమస్య అయింది. 1877లో అడోల్ఫ్ క్నాప్ అనే శాస్త్రవేత్త డాన్యూబ్ నీళ్లు ఇంకే చోట ఉప్పు, నూనె, చివరికి 10 కిలోల ఫ్లోరెసిన్ రంగు కలిపించాడు. సుమారు 60 గంటలకు బుగ్గ నీళ్లు పచ్చగా మెరిశాయి! నల్ల సముద్రానికి పోవాల్సిన డాన్యూబ్ నీరు కొండ కింద నుంచి దూరి రైన్ నదిలో కలిసి ఉత్తర సముద్రానికి పోతోందని అలా తేలింది. తగాదా మాత్రం తెగలేదు. 1927లో కూడా అక్కడి రాష్ట్రాలు ఈ నీళ్ల మీద కోర్టుకెక్కాయి.

ఇప్పుడు ఊరందరి బావులూ పచ్చబడేంత రంగు పోయరు. ఫ్లోరెసిన్ ఇటుక రంగు పొడి, నీళ్లలో పడగానే పచ్చగా వెలుగుతుంది. కంటికి ఏమాత్రం కనబడనంత పలుచనైనా ఆ వెలుగును కొలిచే ఫ్లోరోమీటర్ అనే పరికరం పట్టేస్తుంది. అందుకే ముందుగా అనుమానం ఉన్న ప్రతి బావిలో, బుగ్గలో, వాగులో యాక్టివేటెడ్ బొగ్గు నింపిన చిన్న వలసంచి వేలాడదీస్తారు. నీళ్లలో వచ్చిన రంగును బొగ్గు పట్టి ఉంచుతుంది. కొన్ని రోజులకోసారి సంచి మార్చి, పాతదాన్ని ల్యాబులో ఆల్కహాలు కలిపిన క్షార ద్రావణంలో నానబెడితే రంగు బయటికి వస్తుంది. రంగు కలపకముందు కూడా ఒక విడత సంచులు వేసి చూడాలి. కారు రేడియేటర్లో పోసే కూలెంట్లకు కూడా ఈ రంగు కలుపుతారు, అది ముందే నీళ్లలో ఉంటే మోసపోతాం. పొడి ముట్టుకున్న మనిషిని సంచుల దగ్గరికి రానివ్వకూడదు. గోరు సందులో ఉన్న నలుసు చాలు, పరీక్ష మొత్తం చెడిపోవడానికి. ఎండకు రంగు విరిగిపోతుంది కాబట్టి తీసిన నీళ్లను చీకట్లో దాచాలి.

మీరడిగిన మ్యాపు దీన్నుంచే వస్తుంది. రంగు కలిపిన చోటు నుంచి తేలిన చోటుకు ఒక బాణం గీస్తారు. ఆ రెండింటికీ సంబంధం ఉందనడానికే ఆ బాణం రుజువు. మధ్యలో దారి ఎన్ని మెలికలు తిరిగిందో దానికి తెలియదు. అమెరికాలో కెంటకీలోని మామత్ కేవ్ చుట్టూ వందల పరీక్షలు చేసి, ఏ బుగ్గకు ఎక్కడి వాన చేరుతుందో హద్దులతో సహా గీశారు. వానాకాలంలో నీళ్లు పైసొరంగాల్లోకి పొంగి వేరే దారి పట్టొచ్చు, కాబట్టి వేసవిలో ఒకసారి, వానల్లో ఒకసారి చేయాలి. బెలుం బావిలో ఒకసారి రంగు రాకపోతే సంబంధం లేదని కూడా తేల్చేయలేం. మీ పిల్లలు సరదాపడినా రంగు మాత్రం పోయనివ్వకండి. తాగే బావులున్న చోట అనుమతి తీసుకుని, ఊరివాళ్లకు ముందే చెప్పి చేయాల్సిన పని.

ప్రశ్న: మాది నాపరాయి నేల. బోరు వేస్తుంటే రాడ్డు ఒక్కసారిగా కిందికి జారింది. నీళ్లు పడలేదు. సెప్టిక్ ట్యాంకు నీళ్లు అందులోకి వదిలేద్దామని మా అన్న అంటున్నాడు. వదలొచ్చా?
– ఓ రైతు, తాడిపత్రి

జవాబు: వద్దు తమ్ముడూ, దయచేసి వద్దు. రాడ్డు జారిందంటే మీకు తగిలింది సొరంగం. ఇసుక నేలలో మురుగు మెల్లగా వడకట్టుకుంటూ దిగుతుంది. సొరంగంలో ఆ వడపోత ఉండదు. డాన్యూబ్ నీళ్లు 12 కిలోమీటర్లు రెండున్నర రోజుల్లో దాటాయని పైన చదివారు కదా, మీ ట్యాంకు నీళ్లు ఎవరి బావికి ఎన్ని గంటల్లో చేరతాయో ఎవరం చెప్పగలం? బెలుం గుహలను కూడా ఒకప్పుడు చుట్టుపక్కలవాళ్లు చెత్త వేసే చోటుగా వాడారు, తర్వాత శుభ్రం చేయించారు. మీ బోరుకు ఈరోజే కేసింగ్ మీద గట్టి మూత బిగించండి, పిల్లలు తిరిగే చోటు. ట్యాంకుకు విడిగా ఇంకుడు గుంత తవ్వే ముందు అడుగున మట్టి ఎంత మందం ఉందో చూసుకోండి. జానెడు మట్టి కిందే నాపరాయి తగిలితే అక్కడ కూడా గుంత పనికిరాదు, ట్యాంకరు పిలిపించి తోడించుకోవడమే.