పిల్లికూనకు పాలు పోయొద్దు చెల్లె

డాలస్ నుంచి సెలవుకొచ్చి, మిర్యాలగూడలో అమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఎదురుగా గోడ మీద ఒక బూడిదరంగు పిల్లి పడుకుని ఉంది. ఎవరిదమ్మా అని అడిగితే "ఎవరిదేంది, వాడకట్టుది" అంది అమ్మ. పొద్దున మా ఇంట్లో గిన్నెడు పాలు, మధ్యాహ్నం పక్కింట్లో చేపముళ్ళు, రాత్రయితే రైస్ మిల్లు గోదాములో ఎలుకలు. దానికి ఏ లోటూ లేదు.

నీ మెసేజ్ చూశాను. డాలస్ వచ్చి ఎనిమిది నెలలే అయింది, ఆరేళ్ళ పాప పిల్లికూన కావాలని రోజూ ఏడుపు, నల్గొండ నుంచి మీ అత్తమ్మేమో "పిల్లికి పైసలిచ్చుడేంది, గోడల మీద తిరిగేటివి తిరగవా ఆడ?" అంటోందని రాశావు. ఆమె అడిగింది సరైన ప్రశ్నే. మీ మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో దానికి గోడ లేదు, పక్కిల్లు లేదు, ఎలుకల్లేవు. వాడకట్టు చేసే పనంతా నువ్వొక్కదానివే చేయాలి. చేయగలను అనుకుంటేనే తెచ్చుకో.

ముందు లీజు కాగితం తీసి చదువు. చాలా అపార్ట్‌మెంట్లలో పెట్ డిపాజిట్ ఒకసారి, పెట్ రెంట్ ప్రతి నెలా కట్టాలి. చెప్పకుండా దాచి పెంచుదామని మీ ఆయన అంటాడు, అందరి ఆయనలూ అంటారు. వద్దు. పిల్లికూన కిటికీలో కూర్చుంటుంది, అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్ళకి కనపడుతుంది.

ఎక్కడ తెచ్చుకోవాలంటే దిక్కులేని జంతువులను ఉంచే షెల్టర్‌కి వెళ్ళండి. అక్కడ కట్టే ఫీజులో మామూలుగా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, మొదటి టీకాలు, గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ కలిసే ఉంటాయి. ఎనిమిది వారాలు నిండని కూనను ఎవరైనా ఊరికే ఇస్తామన్నా తీసుకోకు, అది ఇంకా తల్లి దగ్గర ఉండాల్సిన వయసు. ఇంకో మాట, మీరిద్దరూ పొద్దంతా ఉద్యోగాలకు పోయేవాళ్ళయితే ఒకేసారి రెండు తెచ్చుకోండి. మేము ఒక్కటే తెచ్చాం. ఆడుకోవడానికి తోడు లేక రాత్రి రెండింటికి మా కాలివేళ్ళ మీద పడేది.

మా పిల్లి పేరు మర్రి. సూర్యాపేట పక్కన కాకతీయుల గుళ్ళున్న పిల్లలమర్రి మా అమ్మమ్మ ఊరు. మా ఆయనది పాలమూరు, ఆయనకు పిల్లలమర్రి అంటే అక్కడి పెద్ద మర్రిచెట్టు తప్ప ఇంకోటి లేదు. ఏది అసలు పిల్లలమర్రి అని పెళ్ళైనప్పటి నుంచీ మా ఇంట్లో తగువే. చివరికి పిల్లికి ఆ పేరు పెట్టుకుని రాజీపడ్డాం.

ఇక పాలు. మన ఇళ్ళల్లో పిల్లి అనగానే చేయి పాలగిన్నె మీదికే పోతుంది. తల్లిపాలు మానిన కూనకు ఆవుపాలలోని లాక్టోజ్ అనే చక్కెర సరిగ్గా అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. అంత చిన్న ఒంట్లోంచి నీళ్ళు పోతే ఒక్కరోజులో చతికిలబడుతుంది. తాగడానికి మంచినీళ్ళు చాలు. మరి అమ్మ పోసే పాలు ఈ గోడమీది పిల్లికి పడుతున్నాయి కదా అంటావు. మన పాలన్నంతోనే అది బతుకుతోందని మనం అనుకుంటాం గానీ దాన్ని బతికించేది మిల్లు ఎలుకలు. మాంసంలో ఉండే టారిన్ అనే పోషకం అందకపోతే పిల్లికి చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. అందుకే మీరు శాకాహారులైనా సరే, దానికి పెరుగన్నం అలవాటు చేయకండి. డబ్బా మీద పిల్లికూనలకని, పూర్తి సమతులాహారమని రాసి ఉన్నది కొని, ఆరు నెలలు నిండేదాకా రోజుకు మూడు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. మీ కంచంలోది మాత్రం పెట్టొద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పచ్చివైనా, ఉడికినా, పొడి అయినా పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. అవి పడని కూర మన ఇళ్ళల్లో ఎక్కడుంది?

తెచ్చిన మొదటి వారం ఒక్క గదిలోనే ఉంచు. తిండి, నీళ్ళు ఒక మూల, దొడ్డికి పోయే లిట్టర్ పెట్టె ఇంకో మూల, దూరడానికి ఒక అట్టపెట్టె. ఇల్లంతా వదిలేస్తే ఏ సోఫా కిందో దూరి రెండు రోజులు బయటికి రాదు. మనవాళ్ళకు ఇంకో అలవాటుంది, పురుడు చూడ్డానికి వచ్చినట్టు నాలుగు కుటుంబాలు పిల్లలతో సహా దిగిపోతారు. వారం తర్వాత రమ్మను. పాపకు కూడా చెప్పు, తను నేల మీద కూర్చోవాలి, కూన తనంతట తాను రావాలి, వెంటపడి పట్టుకోవద్దని. రోజులో 18 నుంచి 20 గంటలు అది నిద్రపోతుంది, జబ్బేమో అని టెన్షన్ పడకు. కానీ పూట తర్వాత పూట తిండి ముట్టకపోతే మాత్రం ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చెయ్యి.

లిట్టర్ గురించి మీ అత్తమ్మ గొడవ చేస్తుందని నాకు తెలుసు, ఇంట్లోనే దొడ్డికి ఏంది అని. పూజ అలమారకు, వంటింటికి దూరంగా పెట్టు, రోజూ శుభ్రం చెయ్యి, వాసన రాదు. పిల్లి రెట్టలో టాక్సోప్లాస్మా అనే క్రిమి ఉండొచ్చు, అది అంటుకునే దశకు రావడానికి ఒక రోజు నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకే రోజూ తీయమనేది. నువ్వు కడుపుతో ఉంటే ఆ పని మీ ఆయనదే, మారుమాట లేదు.

మొదటి వారంలోనే డాక్టర్‌కు చూపించు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి పడతాయి. రేబిస్ టీకా నాలుగు నెలల లోపు వేయించాలని టెక్సాస్‌లో చట్టమే ఉంది. నులిపురుగుల మందు కూడా అడుగు. ఒంటి మీది పురుగుల కోసం కుక్కలకు వాడే చుక్కల మందు ఎవరైనా ఇస్తే తీసుకోకు, అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి విషం.

నన్ను నిజంగా భయపెట్టేవి ఇంకొన్ని ఉన్నాయి, అవి మన సూట్‌కేసుల్లోనే వెళ్తాయి. డోలో లేకుండా మనవాళ్ళెవరూ విమానమెక్కరు. అందులోని పారాసెటమాల్‌ను, అంటే అక్కడి టైలినాల్‌ను, పిల్లి కాలేయం విరిచేయలేదు. ఒక్క గోలీ చాలు ప్రాణం పోవడానికి. ఒళ్ళు వెచ్చగా ఉందని సగం గోలీ అరగదీసి పెట్టిన మనవాళ్ళను నేను చూశాను. హారతి కర్పూరం, చీరల మధ్య పెట్టే కలరా ఉండలు కూడా అందకుండా దాచు.

తర్వాత దారం. మర్రికి ఐదు నెలలప్పుడు, వరలక్ష్మీ వ్రతం మరునాడు, వాడిపోయిన మల్లెదండ చెత్తబుట్టలోంచి లాగి దారమంతా మింగేసింది. మేము చూడలేదు. రెండో రోజు వాంతులు మొదలయ్యాయి, రాత్రికి రాత్రే పేగులకు ఆపరేషన్, బిల్లు వేల డాలర్లలో వచ్చింది. పిల్లి నాలుక మీద ముళ్ళు లోపలి వైపుకు వంగి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని అది ఉమ్మేయలేదు. నోటి నుంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు, పేగు తెగుతుంది, అలాగే తీసుకుపో. ఆ నెల నుంచే మేము మర్రికి ఇన్సూరెన్స్ కడుతున్నాం.

ఇప్పుడు బతుకమ్మ రోజులు కదా. ఇక్కడ అమ్మ పొద్దున్నే తంగేడు, గునుగు తెప్పించింది. అక్కడ అవి దొరకవు కాబట్టి స్టోర్‌లో రంగుగా కనపడ్డ ప్రతి గుత్తీ కొంటాం, అందులో లిల్లీ ఒకటి ఉండనే ఉంటుంది, మన దండల్లో కట్టే లిల్లీ కాదు, పెద్ద రేకులది. పిల్లి ఉన్న ఇంట్లోకి లిల్లీ రాకూడదు. రేకు కొరికినా, ఒంటికంటిన పుప్పొడి నాకినా, కుండీలో నీళ్ళు తాగినా ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు పోతాయి. లక్షణాల కోసం చూడకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తాలి. చామంతితో వాంతులవుతాయి. గులాబీలతో భయం లేదు, ముళ్ళు తీసి పేర్చుకో.

చలికాలంలో బట్టలారబెట్టే డ్రయర్ వెచ్చగా ఉంటుందని దూరి పడుకుంటుంది, తలుపు వేసేముందు చెయ్యి పెట్టి చూడు. రిక్లైనర్ సోఫా కూడా అంతే.

డిసెంబరులో ఇండియాకు రావాలని ఉందన్నావు. చంకన పిల్లిని పెట్టుకుని వచ్చేంత తేలిక కాదు. పశు క్వారంటైన్ వాళ్ళ అనుమతి, టీకాల కాగితాలు, ఆరోగ్య సర్టిఫికెట్, ఇవన్నీ నాలుగు వారాల సెలవు కోసం పడాల్సిన పాట్లు కావు. మేము దీపావళికి ముందే డాలస్ తిరిగొస్తున్నాం. దాని టీకాలన్నీ పూర్తయి ఉంటే మా ఇంట్లో దింపి పోండి. మొదటి నాలుగు రోజులు వేరే గదిలో పెట్టి, తలుపు సందులోంచి వాసన పట్టించాక మర్రికి చూపిస్తాను. లిట్టర్ పెట్టె మాత్రం మీదే తెచ్చుకోండి, మా మర్రి తన పెట్టె ఎవరికీ ఇవ్వదు.