షేక్‌స్పియర్ సానెట్‌ను కనిపెట్టింది షేక్‌స్పియరేనా?

కాదు, ఆ పద్ధతిని ఆయన పుట్టకముందే ఇంగ్లీషు కవి, సర్రే ప్రభువు హెన్రీ హోవర్డ్ తీర్చిదిద్దాడు. సానెట్ అంటే 14 పాదాల కవిత, అది ఇటలీది. 16వ శతాబ్దం తొలి సగంలో కవి థామస్ వయట్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇటాలియన్‌లో అంత్యప్రాసకు మాటలు కొల్లలు కాబట్టి ఇటలీ కవి పెట్రార్క్ మొదటి 8 పాదాలను రెండే ప్రాసలతో నడిపాడు. ఇంగ్లీషులో అది చాలా కష్టం. అందుకే సర్రే నాలుగేసి పాదాల భాగాలు మూడు, చివర ఒక ద్విపాది పెట్టి ఏడు ప్రాసలకు వీలు కల్పించాడు. షేక్‌స్పియర్ 18వ సానెట్‌లో వేసవి రోజుతో పోలికగా మొదలైన ఆలోచన 12 పాదాలు సాగి, చివరి ద్విపాదిలో ఈ కవిత ఉన్నంతకాలం నువ్వూ ఉంటావన్న మాటతో ముగుస్తుంది. ఎంత అందమైన ముగింపో! 1609లో అచ్చయిన 154 సానెట్ల కీర్తి వల్లే ఆ పద్ధతికి ఆయన పేరు వచ్చింది. చాలామంది ఆ పేరు చూసే ఆయన్ని సృష్టికర్త అనుకుంటారు.