అల్లుడికి, కొట్లో కంప్యూటర్ గురించి

అల్లుడూ,

పాలకొల్లు కొట్లో ఉన్న కంప్యూటర్లోకి హైదరాబాద్ నుంచి వీపీఎన్‌తో, అంటే ఇంటర్నెట్‌లో మనకి మాత్రమే ఉండే రహస్య దారితో వెళ్లి ట్యాలీ చూసుకోవాలని ఫోన్లో అడిగావు. అప్పుడు బస్సులో ఉండి సగమే చెప్పాను.

విండోస్ జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు రౌటర్ పేజీ తెరిచి, అందులో వాన్ ఐపీ అని ఉన్న నంబర్ రాసుకో, అది నెట్ వాళ్లు రౌటర్‌కి ఇచ్చిన చిరునామా. తర్వాత గూగుల్లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని కొట్టు. రెండూ ఒకటే అయితే సగం పని అయినట్టే. రౌటర్లోది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మాత్రం నువ్వు సీజీనాట్ వెనక ఉన్నావు. ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచేశారన్నమాట, బయటనుంచి నీ కొట్టుకి దారి లేదు. ఇది చూసుకోకే నేను భీమవరంలో ఒక రొయ్యల మేత కొట్లో రెండు రోజులు రౌటర్‌తో కుస్తీ పట్టాను. మొదటి రోజు గంటకో టీ తెప్పించిన షావుకారు రెండో రోజు మధ్యాహ్నానికి మంచినీళ్లు కూడా అడగలేదు. అలా ఉంటే నెట్ వాళ్లని స్టాటిక్ ఐపీ అడుగు, అంటే మారకుండా నీ ఒక్కడికే ఉండే పబ్లిక్ ఐపీ. డబ్బులు తీసుకుంటారు, ఇచ్చెయ్యి.

వీపీఎన్ కోసం విండోస్‌లోనే 'న్యూ ఇన్‌కమింగ్ కనెక్షన్' అని ఒకటుంది. నెట్‌వర్క్ కనెక్షన్స్‌లో ఆల్ట్ నొక్కితే ఫైల్ మెనూలో కనిపిస్తుంది. నాలుగు క్లిక్కుల పని కాబట్టి యూట్యూబ్‌లో అందరూ అదే చూపిస్తారు. వద్దు. సాధారణంగా అది నడిచేది పీపీటీపీ అనే పాత వీపీఎన్ పద్ధతి మీద, దాని పాస్‌వర్డ్ రక్షణ 2012లోనే బద్దలైంది. పైగా ఒకసారికి ఒక్కరే రాగలరు.

దాని బదులు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రాం వేసుకో, ఉచితం. కొట్లో ఒక కీల జత (ఒకటి పబ్లిక్, ఒకటి ప్రైవేట్), నీ లాప్‌టాప్‌లో ఒక జత తయారవుతాయి. పబ్లిక్ కీలు మాత్రమే అటూ ఇటూ ఇచ్చుకోవాలి. ప్రైవేట్ కీ వాట్సాప్‌లో పంపావో, ఊరుకోను.

ఇక రౌటర్. కాలువ నిండా నీళ్లున్నా తూము ఎత్తితేనే కదా మన బోదెలోకి వచ్చేది. వైర్‌గార్డ్ వాడే తలుపు నంబర్, అంటే యూడీపీ 51820 పోర్టుని కొట్లో కంప్యూటర్ లోకల్ ఐపీకి మళ్లించు, ఆ ఐపీ మారకుండా రౌటర్లోనే రిజర్వ్ చెయ్యి. విండోస్ ఫైర్‌వాల్‌లోనూ ఆ పోర్టుకి అనుమతివ్వు. కొట్లో తెరని నీ దగ్గరనుంచే నడిపే రిమోట్ డెస్క్‌టాప్ కోసమని 3389 పోర్టుని బయటికి తెరవకు, అది వీపీఎన్ లోపలినుంచే వాడుకో. అన్నట్టు, కంప్యూటర్లో విండోస్ హోమ్ ఉంటే రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి రానివ్వదు, ప్రో కావాలి.

కొట్లో వైఫైలోనే కూర్చుని పరీక్షించి అయిపోయిందనుకోకు. ఫోన్లో వైఫై ఆపి, దాని మొబైల్ డేటాని హాట్‌స్పాట్‌గా పెట్టి లాప్‌టాప్‌లో చూడు. పింగ్‌కి, అంటే 'ఉన్నావా' అని పంపే పిలుపుకి జవాబు రాకపోతే టెన్షన్ పడకు, ఫైర్‌వాల్ దాన్ని ఆపేస్తూ ఉండొచ్చు. వైర్‌గార్డ్ విండోలో 'లేటెస్ట్ హ్యాండ్‌షేక్' ఎదురుగా సెకన్లు కనిపిస్తే దారి పడినట్టే.

స్లీప్ మోడ్ తీసెయ్యి. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ దానంతటదే లేచేలా బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల్లో) పెట్టు, రౌటర్‌ని కూడా యూపీఎస్ మీదకి మార్చు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం వైర్లన్నీ పీకించు.

ఇంత చేసినా, బావగారు రాత్రి కొట్టు కట్టేస్తూ మెయిన్ ఆపేస్తారు, అది వాళ్ల నాన్నగారి నాటి అలవాటు. స్విచ్ మీద కాగితం అంటించు. అక్కకి కూడా ఒక మాట చెప్పు, ఆవిడ చెబితేనే ఆయన వింటారు.

మావయ్య