థర్మామీటర్ ఎవరి వేడి చెబుతోంది?

ప్రశ్న: నీడ లేని గోడకు థర్మామీటర్ తగిలించాను. మధ్యాహ్నం 51 డిగ్రీలు చూపించింది. అదే టైంలో వాతావరణ శాఖ లెక్క 40. వాళ్లు తగ్గించి చెబుతున్నారా, నా థర్మామీటరే పాడైందా?

జవాబు: రెండూ కాదండీ. థర్మామీటర్ ఎప్పుడూ తన ఒంటి వేడినే చెబుతుంది, తిరకాసంతా అక్కడే. నీడలో, గాలి ఆడేచోట పెడితే అది చుట్టూ ఉన్న గాలితో సమానమవుతుంది కాబట్టి ఆ అంకెను గాలి ఉష్ణోగ్రత అనుకోవచ్చు. మీ దానికి ముందు నుంచి ఎండ, వెనక నుంచి కాలిన గోడ సెగ. ఆ 51 గాలిది కాదు, ఆ గాజు గొట్టానిది. పక్కనే నల్ల అట్ట మీద బిగించిన ఇంకోటి తగిలించి చూడండి, మరో అంకె వస్తుంది. (ఇలాంటి అంకెల ఫొటోలే వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, టెన్షన్ పడకండి.) వాతావరణ కేంద్రాల్లో అయితే తెల్ల రంగు వేసి, పక్కలంతా ఏటవాలు రెక్కలున్న పెట్టెలో, నేలకు సుమారు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున పెడతారు. ఎండ లోపలికి రాదు, గాలి వస్తుంది.

ప్రశ్న: మరి ఆ సెగను కొలిచేదెలా? మా వర్క్‌షాప్‌లో కొలిమి దగ్గర గాలి 34 డిగ్రీలే అంటారు, ఒళ్లు మాత్రం కాలిపోతుంది.

జవాబు: మంట ముందు కూర్చుంటే ముఖం కాలుతుంది, వీపు వణుకుతుంది. రెండువైపులా ఉన్న గాలి దాదాపు ఒకటే. సెగ గాలిని పెద్దగా వేడెక్కించకుండానే దాటొచ్చి నేరుగా ఒంటికి తగులుతుంది. దాన్ని పట్టడానికి 15 సెంటీమీటర్ల వ్యాసమున్న, లోపల బోలుగా ఉండే పల్చటి రాగి గోళానికి మెరుపు లేని నల్ల రంగు వేసి, థర్మామీటర్ బల్బు సరిగ్గా దాని నడుమ ఉండేలా దించుతారు. సెగ లేకపోతే గోళం, గాలి ఒకే అంకె చూపిస్తాయి, ఉంటే గోళం పైకి ఎక్కుతుంది. కనీసం 20 నిమిషాలు ఆగాలి, చాలామంది ఆగరు. ఫ్యాన్ గాలి తగిలితే గోళం చల్లబడి సెగ తక్కువనిపిస్తుంది కాబట్టి గాలి వేగం కూడా కొలిచి లెక్క సరిచేయాలి.

ఎండలో పనిచేసేవాళ్ల ఒంటికి తగిలే మొత్తం వేడిని ఒకే అంకెలో చెప్పే డబ్ల్యూబీజీటీ సూచికలో తడి బల్బుకు (బల్బు చుట్టూ తడిగుడ్డ ఉన్న థర్మామీటర్‌కు) 70 శాతం, ఈ నల్ల గోళానికి 20 శాతం వాటా ఇస్తారు, మామూలు గాలి ఉష్ణోగ్రతకు దక్కేది 10 శాతమే. నన్నడిగితే మీ వర్క్‌షాప్‌లో ఆ 34 పక్కన గోళం అంకె కూడా రాయాల్సిందే. ఇంకోటి, సెగ వేడి పెరిగినంత లెక్కనే పెరగదు, కెల్విన్ ఉష్ణోగ్రత (మన డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది) నాలుగో ఘాతంతో, అంటే ఆ అంకెను నాలుగుసార్లు వేసి గుణించిన లెక్కన పెరుగుతుంది. 27 డిగ్రీల నల్లటి తలం చదరపు మీటరుకు సుమారు 459 వాట్లు వదిలితే, 47 డిగ్రీలది 595 వదులుతుంది.

ప్రశ్న: ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో గది గాలి వేడి చూడొచ్చా?

జవాబు: చూడలేం. గన్ చదివేది ఎదురుగా ఉన్న వస్తువు నుంచి వచ్చే సెగను. గాలిలోకి గురిపెడితే అవతలి గోడ వేడి వస్తుంది. మెరిసే స్టీలు గిన్నెతో ఇంకా తమాషా, లోపల నీళ్లు మరుగుతున్నా గన్ చాలా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే స్టీలు తన సెగ కొంచెమే వదిలి, చుట్టుపక్కల వాటి సెగను అద్దంలా తిప్పి పంపుతుంది. గిన్నెకు చిన్న నల్ల టేపు ముక్క అంటించి, కాసేపాగి, దాని మీద గురిపెట్టండి. అంకె ఒక్కసారిగా పైకెళ్తుంది.