వేధింపులకు గురైన పిల్లల కేంద్రంలో ఇంటర్న్ ఏం చేస్తారు?

హైదరాబాద్‌లో హింసకు గురైన మహిళలకు, పిల్లలకు పోలీసులు నడిపే భరోసా లాంటి సహాయ కేంద్రంలో ఇంటర్న్‌గా చేరితే పిల్లలతో మాట్లాడనిస్తారా అని అడిగారు. మాట్లాడవచ్చు, కానీ జరిగినదాని గురించి మీరు అడగకూడదు. అది శిక్షణ పొందిన కౌన్సెలర్ల పని. పదిమంది పదిసార్లు అడిగితే బిడ్డ మళ్లీ నలిగిపోతుంది. కౌన్సెలింగ్, పోలీసు వాంగ్మూలం, న్యాయ సహాయం ఒక్కచోటే పెట్టింది అందుకే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు కూడా.

ఇంటర్న్‌లకు మామూలుగా వచ్చేవి ఫైళ్లు, ఆటగదిలో తోడు. బయట టెన్షన్‌తో కూర్చున్న తల్లికి తర్వాత ఏం జరుగుతుందో చెప్పడం కూడా ఉంటుంది, ఇది నిజంగా పెద్ద సాయం. పిల్ల తనంతట తాను ఏదైనా చెబితే తరచి అడక్కుండా వినండి, వెంటనే సూపర్‌వైజర్‌కు తెలపండి. పేరు, బడి, వీధి మీ ఇంట్లో కూడా చెప్పొద్దు.